రెండో అంగడి

ఒక భాషలోని పలుకుబడిని మరొక భాషలోకి తెచ్చుకొనేటప్పుడు మాటకు మాట పెట్టడం సులభం. ఆ మాట వెనుక ఉన్న జీవితాన్ని పట్టుకోవడమే కష్టం. ఆంగ్ల వ్యాపార పత్రికల్లో తరచుగా కనిపించే ‘కార్నర్ ద మార్కెట్’ అనే పలుకుబడి ఇందుకు మంచి ఉదాహరణ. నిఘంటువు చూసి ‘కార్నర్’ అంటే మూల, ‘మార్కెట్’ అంటే అంగడి అని అర్థం చెప్పుకొని, ‘ఆ వ్యాపారి అంగడిని మూలకు నెట్టాడు’ అని అనువదిస్తే భావం తలకిందులవుతుంది. తెలుగులో మూలకు నెట్టడమంటే పట్టించుకోకుండా పక్కన పెట్టడం. వాడకం లేక తుప్పుపట్టిన యంత్రాన్ని ‘మూలన పడింది’ అంటారు. ఆంగ్ల పలుకుబడి చెప్పేది ఇది కాదు. ఒక సరుకు నిల్వలన్నింటినీ, లేదా వాటిలో ప్రధాన భాగాన్ని, ఒకరే కొని గుప్పిట్లో పెట్టుకొని, ఆ సరుకు కావలసిన వారంతా తాను చెప్పిన ధరకే కొనవలసిన స్థితిని కల్పించడమని దాని అర్థం. అక్కడ మూలకు చేరేది అంగడి కాదు, కొనుగోలుదారు. వెనుక గోడ, ఎదుట వ్యాపారి, తప్పించుకొనే దారి లేదు.

కడప జిల్లా ఎర్రగుంట్ల వంటి ఊళ్ళో ఈ భావం తేలికగా బోధపడుతుంది. ఆ ఊరి పేరులోనే గుంట ఉంది. గుంట అంటే నీరు నిలిచే పల్లం. వానలు తక్కువైన సీమలో నీరున్న చోటును చూసుకొనే ఊళ్ళు వెలిశాయి. వేసవిలో ఒక పల్లెలో బావులన్నీ ఎండిపోయి, ఒక్క బోరులో మాత్రమే నీరు మిగిలిందనుకుందాం. యజమాని ధర్మాత్ముడైతే పల్లె గట్టెక్కుతుంది. బిందెకు ఇంత అని ధర కడితే మారుమాట లేకుండా చెల్లించవలసిందే. ఆ ధరను నిర్ణయించినది తోడే ఖర్చు కాదు, నీటి నాణ్యత కాదు, రెండో బావి లేకపోవడం. మార్కెట్టును గుప్పిట్లో పెట్టుకోవడమన్నా ఇంతే. వ్యాపారి సరుకును కూడబెట్టినంత మాత్రాన అంగడి అతని చేతిలోకి రాదు. రెండో అంగడికి వెళ్ళే దారి మూసుకుపోయినప్పుడే అది అతని సొంతమవుతుంది.

తెలుగులో ఈ భావానికి చాలా దగ్గరగా వచ్చే మాట ‘గుత్త’. మామిడితోటలోని కాపునంతటినీ ముందుగా ఒక మొత్తానికి మాట్లాడుకొంటే తోటను గుత్తకు తీసుకొన్నారంటారు. సంత పన్ను వసూలు చేసుకొనే హక్కును ఏడాదికి పాడుకొంటే అదీ గుత్తే. లెక్కపెట్టకుండా, తూకం వేయకుండా ఉన్నదంతా ఒకేసారి కొనడం గంపగుత్త. ఈ గుత్తలో స్వతహాగా దోషమేమీ లేదు. తోట యజమానికి ముందే డబ్బు అందుతుంది, గాలివానకు కాయ రాలిపోతే ఆ నష్టం గుత్తదారు భరిస్తాడు. అయితే ఊరిచుట్టూ ఉన్న తోటలన్నీ ఒక్కరి గుత్తలోకి పోతే పరిస్థితి మారుతుంది. ఆనాడు కాయ ధర అడగడానికి మరో గడప ఉండదు. అప్పుడు గుత్త ‘గుత్తాధిపత్యం’ అవుతుంది. సంస్కృత సమాసాన్ని కోరేవారు ‘ఏకస్వామ్యం’ అంటారు. జనం మాత్రం ఇంకా సూటిగా ‘వాడు ఆడింది ఆట, పాడింది పాట’ అంటారు. వ్యాపారులు లోపాయికారిగా ఒక్కటైనప్పుడు ‘కుమ్మక్కయ్యారు’, ‘సిండికేటయ్యారు’ అనడం ఇటీవలి పత్రికా భాష. ఈ మాటల్లో ఏ ఒక్కటీ మెచ్చుకోలుగా వినిపించదు. ఆంగ్లంలో మాత్రం ‘కార్నర్ ద మార్కెట్’ ఒక్కొక్కసారి ప్రశంసగా కూడా చెల్లుతుంది. ఒక సంస్థ మంచి వస్తువు తయారుచేసి అందరినీ ఆకట్టుకొన్నా అదే మాట వాడతారు. తెలుగులోకి తెచ్చేటప్పుడు ఈ రెండు సందర్భాలనూ వేరుచేయడం అవసరం.

గుత్తకూ గుత్తాధిపత్యానికీ ఉన్న ఈ బంధుత్వం చాలా పాతది. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ తన ‘పాలిటిక్స్’ అనే గ్రంథంలో క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దానికి చెందిన థేలీస్ కథ ఒకటి చెప్పాడు. థేలీస్ పేదవాడు. తత్వశాస్త్రం కూడు పెట్టదని జనం అతన్ని ఎగతాళి చేసేవారు. నక్షత్రాల గమనం తెలిసిన ఆయన రాబోయే ఏడు ఆలివ్ పంట విరగకాస్తుందని చలికాలంలోనే గ్రహించాడు. చేతిలో ఉన్న కొద్దిపాటి సొమ్మును బయానాగా ఇచ్చి మిలేటస్, కియోస్ ప్రాంతాల్లోని నూనె గానుగలన్నింటినీ గుత్తకు తీసుకొన్నాడు. అది పని లేని కాలం కనుక పోటీగా పాడేవారు లేరు. పంట చేతికి వచ్చినప్పుడు అందరికీ ఒక్కసారే గానుగలు కావలసి వచ్చాయి. థేలీస్ తనకు నచ్చిన ధరకు వాటిని బాడుగకు ఇచ్చి ధనవంతుడయ్యాడు. తలచుకొంటే జ్ఞానులు సంపాదించగలరనీ, వారి మనసు దానిమీద ఉండదనీ చూపడానికే ఆయన అలా చేశాడని కథ. అరిస్టాటిల్ దీని పక్కనే మరొక కథ చేర్చాడు. సిసిలీ ద్వీపంలో ఒకడు గనుల నుండి వచ్చే ఇనుమునంతా కొని, ధర పెద్దగా పెంచకుండానే పెట్టుబడికి రెండింతలు లాభం గడించాడు. సంగతి తెలిసిన పాలకుడు డయోనీసియస్ అతని సొమ్ము అతణ్ణే తీసుకుపొమ్మని చెప్పి, నగరం విడిచి వెళ్ళమన్నాడు. మొదటి కథలో తెలివి ఉంది, రెండో కథలో ఆ తెలివిని చూసి రాజ్యం పడిన భయం ఉంది. ‘మోనోపలీ’ అనే ఆంగ్ల పదం కూడా గ్రీకు నుండి వచ్చినదే. ఒక్కడే అమ్మడమని దాని మూలార్థం.

ఈ విద్య సరుకు అవసరమైన వారిని ఎలా దెబ్బతీస్తుందో, సరుకు పండించిన వారినీ అలాగే దెబ్బతీస్తుంది. అమెరికాలో 1955లో జరిగిన ఉల్లిపాయల ఉదంతం దీనికి నిదర్శనం. శామ్ సీగెల్, విన్సెంట్ కొసూగా అనే ఇద్దరు వ్యాపారులు షికాగో గోదాముల్లోని ఉల్లినంతా దాదాపుగా తమ చేతిలోకి తెచ్చుకొన్నారు. ఆపై, ధర పడిపోతే తమకు లాభం వచ్చేలా ముందస్తు బేరాలు కుదుర్చుకొని, దాచిన సరుకును ఒక్కసారిగా అంగట్లో కుమ్మరించారు. 1955 ఆగస్టులో 2.75 డాలర్లు పలికిన 50 పౌండ్ల ఉల్లి బస్తా, 1956 మార్చి నాటికి 10 సెంట్లకు పడిపోయింది. లోపలి ఉల్లి కంటె ఖాళీ బస్తాకే ఎక్కువ ఖరీదు. ఉల్లి పండించిన రైతులు చితికిపోయారు. వారి మొర విన్న అమెరికా చట్టసభ 1958లో ఉల్లిపై ముందస్తు బేరాలనే నిషేధించింది. కర్నూలు మార్కెట్టుకు ఉల్లి తోలుకొని వచ్చి, ధర పడిపోయిన రోజున బండి వైపు చూస్తూ నిలబడే రైతుకు ఈ కథ పరాయిదిగా తోచదు. కార్నర్ చేసినవాడు పైకి ఎగదోయగలడు, కిందికి తోయగలడు. సరుకు కదలికను తన ఇష్టానికి నడపగలగడమే అతని బలం.

భారతీయ ధర్మశాస్త్రాలు ఈ ప్రమాదాన్ని ముందే గుర్తించాయి. కౌటిల్యుని అర్థశాస్త్రంలో నాలుగో అధికరణానికి ‘కంటకశోధనం’ అని పేరు. ప్రజలకు ముళ్ళలా గుచ్చుకొనే వారిని ఏరివేయడమని దీని భావం. వ్యాపారుల వల్ల ప్రజలకు కలిగే బాధలను గురించి అందులో ప్రత్యేక ప్రకరణం ఉంది. వర్తకులు కూడబలుక్కొని సరుకును నిలిపివేసినా, తగని ధరకు అమ్మినా, వారికి వేయి పణాల జరిమానా విధించాలని కౌటిల్యుడు చెప్పాడు. స్వదేశపు సరుకులపై నూటికి ఐదు, విదేశీ సరుకులపై నూటికి పది మించి లాభం తీసుకోరాదని హద్దు కూడా పెట్టాడు. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయంలోనూ ఇలా కూడబలుక్కొనే వర్తకులకు కఠినమైన శిక్ష ఉంది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర వ్యాఖ్య ఆధారంగానే కేతన తెలుగులో ‘విజ్ఞానేశ్వరీయం’ రచించాడు. ఆ విధంగా వ్యవహారధర్మం తెలుగు పద్యంలోకి వచ్చింది.

అయితే వర్తకుడిని అదుపుచేసే రాజు తానే గుత్తదారు అయితే ఎవరికి చెప్పుకోవాలి? ఈ ప్రశ్నకు చరిత్రలో రెండు భిన్నమైన సమాధానాలు దొరుకుతాయి. కాకతీయ గణపతిదేవుడు 1244-45 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం మొదటిది. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకు వచ్చిన ఓడల సరుకును మునుపటి రాజులు మొత్తంగా స్వాధీనం చేసుకొనేవారనీ, తాను నిర్ణీత సుంకం తప్ప వేరేమీ తీసుకోననీ ఆయన సముద్రవర్తకులకు మాట ఇచ్చాడు. చేతికి చిక్కినవాడిని పిండుకోనని రాజు తనకు తానే కట్టడి విధించుకోవడం అందులోని గొప్పతనం. రెండో సమాధానం ఈస్టిండియా కంపెనీది. 1800లో నిజాం నుండి కడప, బళ్ళారి, అనంతపురం ప్రాంతాలు కంపెనీకి దత్తమయ్యాయి. 1805లో కంపెనీ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పును తన గుత్తలోకి తెచ్చుకొంది. ఈ సీమలో చౌడుమట్టిని కడిగి ఉప్పు తీయడం కొందరికి కులవృత్తిగా ఉండేది. ప్రభుత్వ ఉప్పుకు అది పోటీ కనుక, పంతొమ్మిదో శతాబ్దంలో ఆ మట్టి ఉప్పు తయారీని క్రమంగా అణచివేశారు. కాళ్ళ కింద ఉన్న మన్నులోని ఉప్పును తీసుకోవడం నేరమైంది. 1930లో గాంధీజీ దండి తీరాన పిడికెడు ఉప్పును చేతిలోకి తీసుకొన్నప్పుడు దేశమంతా కదలడానికి కారణం అందులోనే ఉంది. ఆ పిడికెడు ఉప్పు విలువ స్వల్పం. మూసిన దారిని తెరిచిన సాహసం గొప్పది.

ఉప్పు తరువాత ఎర్రగుంట్ల నేల నుండి బయటికి వెళ్ళిన పెద్ద సంపద రాయి. ఇక్కడి రాతికి భాషతోనూ సంబంధం ఉంది. ఎర్రగుంట్ల మండలంలోని కలమళ్ళలో దొరికిన రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనాన్ని, ఇప్పటివరకు లభించిన తెలుగు శాసనాల్లో మొట్టమొదటిదిగా పండితులు భావిస్తారు. అది క్రీ.శ. 575 ప్రాంతానిది. తెలుగు వాక్యానికి తొలి ఆసరా ఇచ్చిన ఆ సీమ రాయి తరువాతి కాలంలో నాపబండలుగా ఇళ్ళ అరుగులకూ, గచ్చులకూ వెళ్ళింది. ఇరవయ్యో శతాబ్దం ఉత్తరార్ధంలో అక్కడి సున్నపురాయి సిమెంటు కొలిమికి చేరింది. ఎర్రగుంట్ల, చిలంకూరు ప్రాంతాల్లో సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. సున్నపురాయిని మట్టితో కలిపి 1,400 డిగ్రీల సెంటీగ్రేడుకు పైబడిన వేడిలో కాల్చితే ‘క్లింకర్’ అనే ఉండలు వస్తాయి. వాటికి జిప్సం చేర్చి పొడిచేస్తే సిమెంటవుతుంది.

సిమెంటు బరువైనది, బరువును బట్టి చూస్తే చౌకైనది. దూరం పెరిగేకొద్దీ రవాణా ఖర్చు ధరను మింగేస్తుంది. తేమ తగిలితే గడ్డకడుతుంది కనుక ఏళ్ళ తరబడి దాచడం కుదరదు. అందువల్ల ఒక ప్రాంతానికి సరుకు అందించగల సంస్థలు కొన్నే ఉంటాయి. అవి ఒకదానితో ఒకటి పోటీపడితే కొనేవాడికి మేలు. అవన్నీ కలిసి మాట్లాడుకొంటే, దూరాన ఉన్న మరో సంస్థ వచ్చి ఆదుకోవడం కష్టం. ఇలా విడివిడిగా ఉన్న సంస్థలు ధరల విషయంలో ఒక్కటి కావడాన్ని ‘కార్టెల్’ అంటారు. ఒక్కడు సరుకంతా పట్టుకొంటే కార్నర్. పలువురు కలిసి ఒక్కడిలా ప్రవర్తిస్తే కార్టెల్. అంగట్లో నాలుగు దుకాణాలు తెరిచి ఉన్నా, నాలుగింటిలోనూ ఒకే మాట వినిపిస్తుంది.

స్వతంత్ర భారతదేశం ఈ విషయంలో 1955లో నిత్యావసర వస్తువుల చట్టాన్ని, 1969లో గుత్తాధిపత్య నియంత్రణ చట్టాన్ని, 2002లో పోటీ చట్టాన్ని చేసింది. చివరిదాని కింద ఏర్పడిన కాంపిటీషన్ కమిషన్ 2012 జూన్‌లో 11 సిమెంటు సంస్థలపైనా, సిమెంటు ఉత్పత్తిదారుల సంఘంపైనా సుమారు 6,300 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఎర్రగుంట్ల, చిలంకూరులలో కర్మాగారాలు ఉన్న ఇండియా సిమెంట్స్ కూడా ఆ సంస్థల్లో ఒకటి. 2009-10లో 83 శాతంగా ఉన్న ఉత్పత్తి సామర్థ్య వినియోగం 2010-11లో 73 శాతానికి తగ్గడాన్నీ, సంఘ సమావేశాల ద్వారా ధరల సమాచారం పంచుకోవడాన్నీ కమిషన్ తన నిర్ణయానికి ఆధారాలుగా చూపింది. సంస్థలు ఈ ఆరోపణను అంగీకరించలేదు. విచారణ పద్ధతిలో లోపముందని అప్పీలు ట్రిబ్యునల్ 2015 డిసెంబరులో ఆ ఉత్తర్వును రద్దుచేసి, మళ్ళీ విచారించమంది. కమిషన్ 2016 ఆగస్టులో మళ్ళీ జరిమానాలు విధించింది. 2018 జూలైలో జాతీయ కంపెనీ లా అప్పీలు ట్రిబ్యునల్ వాటిని సమర్థించింది. అదే ఏడాది అక్టోబరులో సంస్థల అప్పీళ్ళను సుప్రీంకోర్టు విచారణకు స్వీకరించింది.

కోర్టుల్లో వాదం ఎలా నడిచినా, కర్మాగారం పొగగొట్టం కనిపించే దూరంలో ఇల్లు కట్టుకొనే కూలీకి ఒక సందేహం ఉండనే ఉంటుంది. రాయి ఈ నేలది, దుమ్ము ఈ ఊరి మీదే పడుతుంది, బస్తా ధర మాత్రం ఎక్కడో నిర్ణయమవుతుంది. సొంత ఊరి సరుకైనా ధర నిర్ణయంలో తనకు చోటు ఉండదు. అతనికి రక్షణ ఒక్కటే: ఈ బస్తా వద్దనుకొంటే మరో బస్తా దొరకడం. పోటీ చట్టం చివరికి కాపాడేది ఈ ‘మరో బస్తా’నే.

అమ్మేవారు ఒక్కటైనట్లే కొనేవారూ ఒక్కటి కావచ్చు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతాల నల్లరేగడి పొలాల్లో రబీకి శనగ వేస్తారు. కోత కోయగానే అప్పు తీర్చవలసిన రైతు ధర కోసం ఆగలేడు. కొనే వ్యాపారులు పదిమంది ఉంటే ఒకరు కాకపోతే మరొకరు నాలుగు రూపాయలు ఎక్కువ పెడతారు. ఆ పదిమందీ ముందే మాట్లాడుకొంటే రైతు గింజలతో సహా మూలకు చేరినట్లే. బహిరంగ వేలంపాట, లైసెన్సు, సరైన తూకం ఉండాలని మార్కెట్టు యార్డుల నిబంధనలు కోరడంలోని ఉద్దేశం ఇదే. పంటను కొంతకాలం నిల్వ ఉంచుకొనే గిడ్డంగి, దానిపై రుణం, ప్రభుత్వ మద్దతు ధర రైతుకు రెండో అంగడి వంటివి.

దీనినిబట్టి ‘పెద్ద వ్యాపారి’ అన్న ప్రతివాడినీ గుత్తాధిపతి అనడం న్యాయం కాదు. 2002 చట్టం కూడా పెద్దరికాన్ని నేరమనలేదు, పెద్దరికాన్ని దుర్వినియోగం చేయడాన్ని తప్పుపట్టింది. 2024 డిసెంబరులో ఇండియా సిమెంట్స్‌పై నియంత్రణ హక్కు కాంపిటీషన్ కమిషన్ అనుమతితో అల్ట్రాటెక్ సంస్థకు దక్కింది. ఎర్రగుంట్లలోని జువారీ సిమెంట్‌ కూడా అంతకుముందు ఇటలీ సంస్థ చేతికీ, 2016లో ఆ సంస్థను కొన్న జర్మనీ సంస్థ చేతికీ వెళ్ళింది. సంస్థలు చేతులు మారడం వ్యాపారంలో సహజం. అది కార్నర్ చేయడం కాదు. కానీ ప్రతి కలయిక తరువాతా అంగడిలో ఎన్ని తలుపులు మిగిలాయో లెక్కించే అధికారి ఒకరు ఉండాలి. అందుకే ఇటువంటి కలయికలకు ముందుగా అనుమతి తీసుకోవాలని చట్టం చెబుతున్నది.

కాబట్టి ఈ పలుకుబడిని తెలుగులో వాడదలచిన విద్యార్థి సందర్భాన్ని చూసుకోవాలి. సరుకంతా కొని దాచి ధర పెంచితే ‘సరుకును గుప్పిట్లో పెట్టుకొన్నాడు’ అనాలి. పలువురు చేతులు కలిపితే ‘కుమ్మక్కయ్యారు’ అనాలి. మంచి వస్తువుతో అందరినీ గెలిస్తే ‘అంగడిలో అగ్రస్థానం సంపాదించాడు’ అంటే సరిపోతుంది, దానికి గుత్త అనే మాట అంటగట్టకూడదు. మాట సరిగా ఎంచుకోవడం వ్యాకరణ విషయం మాత్రమే కాదు. కుమ్మక్కును ‘వ్యాపార చాతుర్యం’ అని రాస్తే దోచుకొన్నవాడికి కితాబు ఇచ్చినట్లు, చెమటోడ్చి పైకి వచ్చినవాడిని ‘గుత్తాధిపతి’ అని రాస్తే కష్టాన్ని నిందించినట్లు. వార్తలో ఆ మాట కనిపించినప్పుడల్లా చదువరి ఒక్క ప్రశ్న వేసుకొంటే చాలు. ఇతని దగ్గర కొనలేనివాడు, ఇతనికి అమ్మలేనివాడు వేరే ఎక్కడికైనా వెళ్ళగలడా? వెళ్ళగలిగితే అది వ్యాపారం. వెళ్ళలేకపోతే, ఆ దారి దానంతట అదే మూసుకుపోయిందా, ఎవరైనా మూశారా అన్నది తేలాలి. కౌటిల్యుడు ముల్లు అన్నది ఆ మూసినవాడినే.

అభ్యాసం

1. ‘కార్నర్ ద మార్కెట్’ అనే పలుకుబడిని ‘అంగడిని మూలకు నెట్టడం’ అని అనువదించడం ఎందుకు తగదు?
2. గుత్తకూ గుత్తాధిపత్యానికీ గల భేదాన్ని ఉదాహరణలతో వివరించండి.
3. మోటుపల్లి అభయశాసనానికీ, కంపెనీ ఉప్పు గుత్తకూ గల తేడాను చర్చించండి.
4. మీ ప్రాంతంలో రైతుకు గాని, వినియోగదారునికి గాని ‘రెండో అంగడి’ అనదగినది ఏది? సొంత మాటల్లో రాయండి.